టామ్ బ్యుకానన్ నోట ఏ తెలుగు? (‘ది గ్రేట్ గాట్స్‌బీ’ అనువాదం మీద చర్చ)

కాఫీగింజ (చర్చ మొదలుపెట్టినవారు)

‘ది గ్రేట్ గాట్స్‌బీ’ అనే అమెరికన్ నవలని తెలుగు చెయ్యడానికి ఇప్పుడు హక్కుల గొడవ లేదు. రచయిత ఫిట్జ్‌గెరాల్డ్ 1940 డిసెంబరులో పోయాడు. మన చట్టంలోని 60 ఏళ్ల లెక్క ప్రకారం 2001 నుంచే ఆ నవల అందరిదీ. అమెరికాలో 2021 జనవరి 1 నుంచి. తొమ్మిదే అధ్యాయాలు, చిన్న పుస్తకం. కథ చెప్పేది నిక్, అతని కథనం తెలుగులోకి బాగానే ఒదుగుతుంది. డెయిజీ పాత ప్రియుడు గాట్స్‌బీ కూడా ఫరవాలేదు. చిక్కంతా డెయిజీ మొగుడు టామ్ బ్యుకానన్ దగ్గర. వాడు నోరు తెరిస్తే తెలుగులో రెండే దారులు కనిపిస్తున్నాయి: సినిమా విలన్, లేదా పల్లెటూరి మోతుబరి. ఇంగ్లీషులో వాడు ఆ రెండూ కాడు. మూడు ప్రశ్నలు.

ఒకటి, ఎవరిని నువ్వు అంటాడు, ఎవరిని మీరు అంటాడు? రెండు, వాడి జులుం ఎక్కడుంది, మాటల్లోనా ఇంకెక్కడైనానా? మూడు, డెయిజీ వాడిని ఆటపట్టిస్తూ అనే ‘హల్కింగ్’ (మొరటుగా, భారీగా ఉన్న) అనే మాటకి తెలుగేమిటి?

అచ్చుతప్పు

మొదటి ప్రశ్న మీద పని చేస్తే మిగతా రెండూ సగం తేలిపోతాయి. ఇంగ్లీషులో ఉన్నది ఒకే ఒక్క ‘యూ’. మనకి నువ్వు, మీరు, మధ్యలో ‘ఏంటయ్యా’ ఉన్నాయి. ప్రథమ పురుషలో వాడు, అతను, ఆయన, ఈయన. టామ్ లాంటి మనిషిని తయారుచెయ్యడానికి ఇంత సరంజామా ఇంగ్లీషులో లేదు. దీన్ని భారం అనుకోవద్దు.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద జంటలు రాసుకోండి. టామ్, నిక్: ఇద్దరూ యేల్ విశ్వవిద్యాలయంలో ఒకే సీనియర్ సొసైటీ (ఆఖరేడాది విద్యార్థుల సంఘం), పైగా నిక్ డెయిజీకి దూరపు చుట్టం. రెండు వైపులా నువ్వు. టామ్, డెయిజీ: నువ్వు. డెయిజీ స్నేహితురాలు జోర్డన్ కూడా నువ్వే, ఇంట్లో పిల్లలా చనువు. ఇక్కడిదాకా తేలిక.

గరాజ్ నడుపుకునే విల్సన్ దగ్గర జాగ్రత్త. గరాజ్‌లో అడుగుపెడుతూనే టామ్ వాడి భుజం చరిచి, ‘ఓల్డ్ మాన్’ అని పలకరించి, బేరాలెలా ఉన్నాయని అడుగుతాడు. దీనికి ‘ఏరా’ వాడితే చెడిపోయింది. బాహాటంగా కించపరచడం టామ్ పద్ధతి కాదు, చనువు చూపిస్తూనే తొక్కుతాడు. ‘ఏంటయ్యా విల్సన్, ఎలా ఉన్నాయి బేరాలు?’ సరిపోతుంది. విల్సన్ వైపు నుంచి ‘మీరు’, ‘అండి’. టామ్ తనకి అమ్ముతానన్న కారు గురించి, ఆ కారు ఎప్పుడు అమ్ముతారు సార్ అని అడుగుతాడు. దాని మీద పని నెమ్మదిగా సాగుతోందని కాస్త గొణగగానే టామ్ గొంతు చల్లబడుతుంది: అలా అనుకుంటే ఇంకెక్కడైనా అమ్ముకుంటాలే అంటాడు. అరుపు లేదు. విల్సన్ వెంటనే వెనక్కి తగ్గుతాడు. ఈ నాలుగు వాక్యాల్లో ఎక్కడా ఆశ్చర్యార్థకం పెట్టకండి.

విల్సన్ పెళ్లాం, టామ్ ప్రియురాలు మర్టిల్ ఇంకా చిక్కు. మొగుడి ఎదుట టామ్‌ని ‘మీరు’ అనాలి, న్యూయార్క్‌లో ఇద్దరూ కలుసుకునే ఫ్లాట్‌లోకి వెళ్లాక ‘నువ్వు’. నూట యాభై ఎనిమిదో వీధిలోని ఆ ఫ్లాట్‌లో ఆవిడ బట్టలు మార్చగానే మనిషే మారిపోతుందని నిక్ అంటాడు. మనం బట్టలతోపాటు సర్వనామం కూడా మార్చెయ్యొచ్చు. తన స్థాయి పెరిగిందని ఆవిడ నమ్ముతున్న సంగతి ఒక్క అక్షరంలో తెలుస్తుంది.

గోదారిగట్టు

మర్టిల్ విషయం ఒప్పుకోను. టామ్ గరాజ్‌లో ఆవిడతో మాట్లాడేది విల్సన్ కుర్చీలు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు. నిన్ను చూడాలి, వచ్చే రైలెక్కు అంటాడు, ఆవిడ సరే అంటుంది. అక్కడ మొగుడు లేడు. ఆ ఒక్క ముక్కలో ‘మీరు’ ఎలా ఇరికిస్తారు?

అచ్చుతప్పు

నిజమే, ఆ ముక్కలో సర్వనామం అవసరమే లేదు, ‘సరే’ చాలు. మొగుడు పక్కనున్న వాక్యాలకే నేనన్నది వర్తిస్తుంది. అసలు ఆ సంభాషణలో చూడాల్సింది వేరే ఉంది: ఇద్దరి మధ్య ముద్దుమాట ఒక్కటీ లేదు. హుకుం, దానికి సరే. ప్రియురాలితో మాట్లాడుతున్నాడు కదా అని అనువాదకులు ‘డియర్’ లాంటిదేదో కలుపుతారు. కలపొద్దు.

మునగచెట్టు

రెండో ప్రశ్నకి వస్తా. జులుం మాటల్లో తక్కువ, చేతుల్లో ఎక్కువ. పుస్తకంలో టామ్ ఎవరిని ఎక్కడ ముట్టుకున్నాడో పెన్సిల్‌తో గీత గీసుకుంటూ వెళ్లండి.

మొదటి అధ్యాయంలో నిక్‌ని ఒక చేత్తో పట్టి తిప్పి తన తోటా, పడవా చూపిస్తాడు. కాసేపాగి చంకలో చెయ్యి దూర్చి గదిలోంచి నడిపించుకుపోతాడు, ఆటపలక మీద పావుని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరిపినట్టు. డెయిజీ చిటికెన వేలు కమిలి ఉంటుంది. కావాలని చెయ్యలేదులే, కానీ నువ్వే చేశావు అంటుంది. రెండో అధ్యాయంలో మోచెయ్యి పట్టుకుని నిక్‌ని రైలు దింపేస్తాడు. ఆ అధ్యాయం చివర మర్టిల్ ముక్కు విరగ్గొడతాడు. ఏడో అధ్యాయంలో, కారు గుద్ది చచ్చిన మర్టిల్ శవం పక్కనే, విల్సన్‌ని రెండు జబ్బలూ పట్టి నిలబెడతాడు. ప్రేమ, స్నేహం, ఓదార్పు అన్నీ ఒకే పట్టుతో.

అందుకే ఈ క్రియల్ని మెత్తబరచకూడదు. ‘తీసుకెళ్లాడు’, ‘వెంటబెట్టుకెళ్లాడు’ అంటే ఆ బలవంతం ఆవిరైపోతుంది. ‘తిప్పాడు’, ‘నెట్టాడు’, ‘దింపాడు’, ‘నిలబెట్టాడు’: కర్మ స్థానంలో మనిషి ఉండాలి.

ఇక ముక్కు విరిగే వాక్యం. ఇంగ్లీషులో అది 14 మాటల ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యంలో కోపం మాట లేదు, జాలీ లేదు. అందులో ‘టామ్ బ్యుకానన్’ అని ఇంటిపేరుతో సహా పిలుస్తాడు కథకుడు, కోర్టు కాగితంలో రాసినట్టు. పైగా ‘డెఫ్ట్’ అనే మాట. దానికి మన దగ్గర అచ్చంగా ‘ఒడుపు’ ఉంది. గేదె పాలు పితకడంలో, వలేయడంలో ఉండే ఒడుపు. కొట్టడంలో ఒడుపు అంటే అలవాటున్న చెయ్యి అని పాఠకుడికి దానంతటదే తడుతుంది. అరచేత్తో అన్నది వదిలెయ్యకండి, పిడికిలి కాదు. ‘కోపంతో ఊగిపోతూ’ లాంటిది చేరిస్తే మొత్తం సీనే మారిపోతుంది. కోపంతో కొట్టినవాడు రేపు పశ్చాత్తాపపడొచ్చు.

నల్లమల

ఇంత సన్నగా ఎందుకు కోస్తున్రు? సీదా మాట చెప్త. తెలంగాణ పాఠకులకి టామ్‌ని ‘దొర’ అంటే ఒక్క దెబ్బకి అర్థమైతది. పైసలున్నయ్, బలముంది, ఎవ్వడూ ఎదురు చెప్పడు. ‘దొర’ కన్న మంచి మాట ఏమున్నది?

అచ్చుతప్పు

నల్లమల గారూ, ఆ మాటతో రెండు తంటాలు. ‘దొర’ అనగానే గడి, వెట్టి, బాంచెన్ గుర్తొస్తాయి. టామ్ కాపురముండే ఈస్ట్ ఎగ్‌లో వాడికి ఎవరూ వంగి దండం పెట్టరు. వాడికి భూమి మీద కౌలుదార్లు లేరు, ఊరు లేదు. షికాగో నుంచి తూర్పుకి ఎందుకొచ్చాడో నిక్‌కే తెలియదు. ఇల్లు కూడా సొంతగా కట్టుకున్నది కాదు, డెమైన్ అనే చమురు వ్యాపారిది. రెండో తంటా: పాత తెలుగులో తెల్లవాళ్లందరూ దొరలే. నిక్ కూడా దొరే, గరాజ్ విల్సన్ కూడా దొరే.

నల్లమల

రెండోది ఒప్పుకుంట. మొదటిది సగమే. దండం పెట్టించుకోకుండనే విల్సన్‌ని కారు ఆశ చూపి నెలల తరబడి తిప్పుకున్నడు కదా. అది వెట్టి కాదా? పేరు మారింది, అంతే. సరే, మాట మాత్రం వాపస్ తీసుకుంటున్న.

పాతకాగితం

పారిభాషిక పదాల దగ్గర జారే చోట్లు కొన్ని. ఇవన్నీ టామ్ చుట్టూనే ఉన్నాయి.

వాడు న్యూహేవెన్‌లో ఫుట్‌బాల్ ఆడాడు అంటుంది పుస్తకం. న్యూహేవెన్ ఊరి పేరు, యేల్ విశ్వవిద్యాలయం అని అర్థం. తెలుగులో మొదటిసారి వచ్చినప్పుడే ‘యేల్’ అని కలిపెయ్యండి, కింద నోటు వద్దు. ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, అందులో ‘ఎండ్’ అనేది వరస కొసన నిలబడే ఆటగాడి స్థానం. దాన్ని ‘చివరి ఆటగాడు’ అంటే టీములో పనికిరానివాడు అనిపిస్తుంది. అసలు అర్థం పూర్తిగా తలకిందులు. ‘ఎండ్ స్థానంలో’ అని ఉంచెయ్యడమే మేలు.

పోలో పోనీలు గుర్రప్పిల్లలు కావు. పోలో ఆడే గుర్రాలన్నిటినీ పోనీలే అంటారు. షికాగో దగ్గరి లేక్ ఫారెస్ట్ నుంచి వాడు దించుకున్నది పోలో గుర్రాల దండు. వాడికి గుర్రాల ‘స్ట్రింగ్’ ఉంది, డెయిజీకి ముత్యాల ‘స్ట్రింగ్’ ఇచ్చాడు, ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. తెలుగులో ‘వరస’తో రెండూ సాధించవచ్చు: గుర్రాల వరస, ముత్యాల వరస. ‘దండ’ కన్నా అదే బాగుంటుందని నా మాట.

ప్లాజా హోటల్లో డెయిజీ కోసం ఇద్దరూ తగువుపడే సీన్లో టామ్ గాట్స్‌బీని ఊరూపేరూ లేనివాడు అని తిడుతూ, అలాంటివాణ్ణి పెళ్లాంతో ‘మేక్ లవ్’ చెయ్యనివ్వాలా అంటాడు. 1922లో దాని అర్థం సరసాలాడటం, వలపు కబుర్లు చెప్పడం. ఈనాటి అర్థంలో రాస్తే టామ్ భార్య మీద వెయ్యని నింద వేసినట్టవుతుంది.

కూపే అంటే రెండు తలుపుల మూసిన కారు. టామ్ కూపే నీలం, గాట్స్‌బీ కారు పసుపు. ఈ రంగులు తప్పితే కథే కూలిపోతుంది.

అన్నిటికన్నా మజా ‘డ్రగ్ స్టోర్’. గాట్స్‌బీ, అతని వ్యాపార భాగస్వామి వుల్ఫ్‌షైమ్ కలిసి న్యూయార్క్‌లో, షికాగోలో సందుల్లోని మందుల షాపులు కొనేసి కౌంటర్ మీదే సారా అమ్మారని టామ్ బయటపెడతాడు. అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా నడిచింది. డాక్టరు చీటీ ఉంటే మందుల షాపులో విస్కీ అమ్మడం చట్టబద్ధమే, ఆ కంతలోంచే ఈ వ్యాపారాలన్నీ దూరాయి. ‘మందుల షాపులో మందు’ అనే చమత్కారం తెలుగువాడికి ఉచితంగా దొరికింది. టామ్ ఆ మాట వెటకారంగా అనగలడు, అననివ్వండి. పైగా వాడు ఆ రోజు అదే హోటల్‌కి తువ్వాల్లో చుట్టిన విస్కీ సీసా పట్టుకొచ్చి చట్టం గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు.

గోదారిగట్టు

‘హల్కింగ్’ని అందరూ దాటేశారు. భీమకాయుడు, దున్నపోతు, మొద్దు... ఏది?

మునగచెట్టు

భీమకాయుడు పొగడ్త అయిపోతుంది. దున్నపోతు తిట్టు, అక్కడ అంత ముదరలేదు. కోస్తాలో ‘దుక్కలా ఉన్నాడు’ అంటారు, అది దగ్గర. టామ్ ఆ మాట నాకు నచ్చదు, సరదాకైనా అనొద్దు అంటాడు, డెయిజీ వెంటనే ఇంకోసారి అంటుంది. మళ్లీ అనడానికి వీలైన పొట్టి మాట కావాలి. ‘దుక్క’ ఒక్క శ్వాసలో అనొచ్చు. డెయిజీకి ఆ ఇంట్లో ఉన్న ఆయుధాల్లో అదొకటి, ఇంతకు మించినవి లేవు.

కాఫీగింజ

‘దుక్క’ ఖాయం. మరి భోజనాల దగ్గర వాడు చెప్పే పుస్తకం సంగతేమిటి, గొడార్డ్ అనే అతను రాసినది? పేరు అలాగే ఉంచాలా?

పాతకాగితం

ఉంచండి, మార్చొద్దు. అది కల్పిత పుస్తకం, కానీ వెనక అసలు పుస్తకం ఉంది. లోథ్రాప్ స్టొడార్డ్ అనే హార్వర్డ్ పట్టభద్రుడు 1920లో రంగుజాతుల వరద తెల్లజాతిని ముంచేస్తుందని ఒక పుస్తకం రాశాడు. అంతకు ముందు 1916లో మాడిసన్ గ్రాంట్ అదే వరసలో ఇంకోటి రాశాడు. ఈ రెంటినీ అచ్చేసింది స్క్రిబ్‌నర్స్. 1925 ఏప్రిల్ 10న గాట్స్‌బీ నవలని తెచ్చింది కూడా ఆ స్క్రిబ్‌నర్సే. ఒకే కొట్లో విషమూ విరుగుడూ.

భారతీయ పాఠకుడికి ఇది దూరపు సంగతేమీ కాదు. నవల జరిగేది 1922 వేసవిలో. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు, అక్కడికి వలసవెళ్లిన భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ‘తెల్లవారు’ కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తేల్చింది. 1924లో వచ్చిన వలస చట్టం ఆసియా వాళ్లకి తలుపు దాదాపుగా మూసేసింది. 1946లో భారతదేశానికి ఏడాదికి 100 మంది చొప్పున చిన్న సందు తెరిచారు, 1965 చట్టంతో గాని తలుపు సరిగ్గా తెరుచుకోలేదు. ఇవాళ న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కూర్చుని ఈ చర్చ చదివే తెలుగువాళ్లంతా ఆ తర్వాతి సంగతి. టామ్ భోజనాల బల్ల దగ్గర వల్లించిన పాచి కబుర్లు రెండేళ్లలో చట్టమయ్యాయి. కాబట్టి ఆ పేరాని ‘తాగినవాడి వాగుడు’గా అనువదించవద్దు. సైన్సు మాట్లాడుతున్నాననే గంభీరం ఉండాలి, దాన్ని పక్కన కూర్చున్న డెయిజీ కన్ను కొట్టి చెడగొట్టాలి.

అక్కడ ఒక అడ్డగీత ఉంది, చాలామంది మింగేస్తారు. మనమంతా నార్డిక్‌లం (ఉత్తర యూరప్ తెల్లజాతివాళ్లం), నేను, నువ్వు, నువ్వు, అని లెక్కపెడుతూ డెయిజీ దగ్గరికి వచ్చేసరికి టామ్ రెప్పపాటు ఆగుతాడు. తర్వాతే తలూపి ఆమెని కలుపుతాడు. ఆ ఆగడం ఎందుకో రచయిత చెప్పడు. మీరూ చెప్పకండి. గీత ఉంచండి, అంతే.

నల్లమల

ఇది నాకు తెల్వదు, స్క్రిబ్‌నర్స్ సంగతి. బాగ చెప్పిన్రు.

అచ్చుతప్పు

ప్లాజా హోటల్ సీను విడిగా మాట్లాడుకోవాలి. టామ్ గెలిచేది అక్కడే, ఎలా గెలిచాడో అర్థం కాకపోతే అనువాదంలో ‘డబ్బున్నవాడు గెలిచాడు’ అని మాత్రమే మిగులుతుంది. డబ్బు మాట అక్కడ టామ్ ఎత్తనే ఎత్తడు.

గాట్స్‌బీ అడగకూడనిది అడిగాడు. నన్ను ప్రేమించు అంటే డెయిజీ వచ్చేసేదేమో. కానీ టామ్‌ని ఎన్నడూ ప్రేమించలేదని చెప్పమన్నాడు. ‘ఎన్నడూ’ అన్నదాన్ని కొట్టెయ్యడానికి ఒక్క ఉదాహరణ చాలు, టామ్ దగ్గర అవి ఉన్నాయి. కపియొలానీలో కూడానా? పంచ్ బౌల్ నుంచి నీ చెప్పులు తడవకుండా ఎత్తుకొచ్చిన రోజు కూడానా? (రెండూ హవాయిలోని చోట్లు.) ఆ రెండో ప్రశ్న పుస్తకం మొత్తం మీద టామ్ మాట్లాడిన అతి మెత్తని వాక్యం. తెలుగులో అది నిజంగా మెత్తగానే ఉండాలి. అక్కడ వెటకారం దూరిస్తే డెయిజీ ఎందుకు తడబడిందో తెలియకుండా పోతుంది. ఒకప్పుడు అతన్ని ప్రేమించాను, నిన్ను కూడా ప్రేమించాను అంటుంది ఆమె గాట్స్‌బీతో. ఆ ‘కూడా’తో గాట్స్‌బీ పని అయిపోయింది. మందుల షాపుల సంగతి ఆ తర్వాత వేసిన దెబ్బ.

ఇప్పుడు సర్వనామాలు చూడండి. ఆరో అధ్యాయంలో గుర్రం మీద వచ్చినప్పుడు గాట్స్‌బీతో ముక్తసరిగా ‘మీరు’. ప్లాజాలో మొదట ‘మిస్టర్ గాట్స్‌బీ’ అని పిలుస్తూ ప్రశ్నలు అడుగుతాడు: మీరు ఆక్స్‌ఫర్డ్‌లో చదివారటగా. ఈ ‘మీరు’ మర్యాద కాదు, ప్లీడరు బోనులోని సాక్షిని పిలిచే ‘మీరు’. షాపుల సంగతి వచ్చేసరికి గాట్స్‌బీ వైపు నుంచి మిగతావాళ్ల వైపు తిరిగి మాట్లాడతాడు, అప్పుడు ‘ఇతను’ కాస్తా ‘వీడు’ అవ్వాలి. మనిషి గదిలో ఉండగానే ప్రథమ పురుషలోకి నెట్టడం, అదీ జులుం.

అన్నిటికన్నా క్రూరమైనది చివర. గెలిచాక, మీరిద్దరూ బయల్దేరండి డెయిజీ, మిస్టర్ గాట్స్‌బీ కారులో, అంటాడు. ఇక్కడ ‘గారు’ తిరిగి రావాలి. ‘గాట్స్‌బీ గారి కారులో’. ‘వీడు’ నుంచి ‘గారు’కి ఎక్కించడమంటే ఇక భయపడాల్సిన పని లేదని చెప్పడం. ఇంగ్లీషులో ఈ మెలిక ఉంది, తెలుగులో ఇంకా లోతుగా దిగుతుంది.

గోదారిగట్టు

గాట్స్‌బీ ఎప్పుడైనా టామ్‌ని ‘నువ్వు’ అనాలా? మీ భార్య మిమ్మల్ని ప్రేమించడం లేదు అనే చోట?

అచ్చుతప్పు

వద్దు. గాట్స్‌బీకి మర్యాద కవచం. విడిస్తే వాడి దగ్గర ఇంకేం లేదు. వాడు ఎదుటివాళ్లని పిలిచే ‘ఓల్డ్ స్పోర్ట్’ కూడా ఆ కవచంలో ముక్కే. దానికి ‘గురూ’, ‘బ్రదర్’ అని చాలామంది ప్రయత్నిస్తారు, రెండూ వీధి మాటలు. ‘మిత్రమా’ నాటకాల తెలుగు, బతికున్న మనిషి ఎవరూ అనరు, అందుకే పనికొస్తుంది. ఆ మాట ఎక్కడ ఏరుకున్నావ్ అని టామ్ అడిగినప్పుడు పాఠకుడికీ అదే అనుమానం రావాలి కదా.

మునగచెట్టు

‘ఏరుకున్నావ్’ అన్నారు. అక్కడ ‘నువ్వు’లోకి దిగినట్టేనా? ప్రశ్నలు అడిగేటప్పుడు మళ్లీ ‘మీరు’ అన్నారు మీరే.

అచ్చుతప్పు

దొరికిపోయాను. ‘ఏరుకున్నారు’ అనే ఉండాలి. ఆ దశలో ఇంకా ప్లీడరే.

గళ్ళచొక్కా

ఇంత చర్చలో ఒక సంగతి మరిచారు. గాట్స్‌బీ కారు నడుపుతూ మర్టిల్‌ని గుద్ది చంపింది డెయిజీ అని తెలిసి కూడా, ఆమెని కాపాడటానికి గాట్స్‌బీ మీదకి విల్సన్‌ని ఉసిగొల్పి, తుపాకీ ఇచ్చి పంపాడు టామ్. ఇంతకన్నా పచ్చి విలన్ ఎవడుంటాడు? దానికి తగ్గ భాష పెట్టాలి.

పాతకాగితం

గళ్ళచొక్కా గారూ, మూడిట్లో రెండు పుస్తకంలో లేవు. తుపాకీ టామ్ ఇవ్వలేదు. రివాల్వర్ విల్సన్ జేబులోనే ఉంది, మాట్లాడినంతసేపూ వాడి చెయ్యి దాని మీదే ఉందని టామ్ చివరి అధ్యాయంలో చెబుతాడు. డెయిజీ నడిపిందని టామ్‌కి తెలుసని కూడా ఎక్కడా లేదు. ఆ రాత్రి కారులో పిరికివాడు ఆపనైనా ఆపలేదు అని ఏడుస్తాడు. అక్టోబరు చివర ఫిఫ్త్ ఎవెన్యూలో కనిపించినప్పుడు కూడా గాట్స్‌బీయే మర్టిల్‌ని కుక్కని తొక్కినట్టు తొక్కించాడని అంటాడు. అది నిజం కాదని నిక్‌కి తెలుసు, నోరు విప్పడు. కారు ఎవరిదో చెప్పాడన్నది మాత్రం నిజం.

మీరన్నది 2013 సినిమా ప్రభావం కావచ్చు, అందులో ఆ రాత్రే గరాజ్‌లో విల్సన్ చెవిలో వేస్తాడు. నవలలో మర్నాడు విల్సన్ ఇంటికొస్తాడు, లేమని చెప్పించినా మేడ మీదికి తోసుకు రాబోతాడు. మొగుడూ పెళ్లాలు అప్పటికే ఊరొదిలి పోవడానికి సర్దుకుంటున్నారు.

గళ్ళచొక్కా

అవును, సినిమానే గుర్తుంది. వుల్ఫ్‌షైమ్‌గా అమితాబ్ బచ్చన్ వేశాడని చూశాను. అయితే పసుపు కారుకి ఎదురుగా మర్టిల్ ఎందుకు పరిగెత్తింది?

పాతకాగితం

అదీ టామ్ పనే, తెలియకుండా చేసినా సరే. ప్లాజా హోటల్‌కి వెళ్లేటప్పుడు కార్లు మార్చమని పట్టుబట్టింది వాడు. గాట్స్‌బీ పసుపు కారు వాడు తీసుకున్నాడు, తన నీలం కూపేలో గాట్స్‌బీ, డెయిజీ వెళ్లారు. దారిలో పసుపు కారులోనే విల్సన్ దగ్గర పెట్రోలు పోయించుకున్నాడు. మర్టిల్ పై కిటికీలోంచి చూసింది: పసుపు కారు టామ్‌ది, పక్కనున్న జోర్డన్ వాడి పెళ్లాం అనుకుంది. సాయంత్రం అదే కారు తిరిగొస్తుంటే టామ్ ఉన్నాడని అడ్డం పరిగెత్తింది. ఒక మగాడు తన పెత్తనం చూపించుకోవడానికి తాళాలు మార్చుకున్న ఫలితం. అందుకే రంగులు జాగ్రత్త అన్నది.

గోదారిగట్టు

డబ్బు లెక్క ఒకటి. టామ్, డెయిజీల పెళ్లి 1919 జూన్‌లో, డెయిజీ ఊరు లూయీవిల్‌లో. టామ్ వంద మందిని నాలుగు ప్రైవేటు రైలు పెట్టెల్లో తెచ్చాడు, హోటల్లో ఒక అంతస్తు మొత్తం తీసుకున్నాడు. ముందురోజు ఇచ్చిన ముత్యాలు మూడున్నర లక్షల డాలర్లవి. దీన్ని ఈనాటి రూపాయల్లోకి మార్చి రాయొద్దు, ఏటేటా పాతబడుతుంది. పుస్తకంలోనే కొలబద్ద ఉంది: నిక్ ఇంటద్దె నెలకి 80 డాలర్లు. ఆ ముత్యాల ఖరీదుతో నిక్ 364 ఏళ్లు అద్దె కట్టుకోవచ్చు. అనువాదంలో రెండు అంకెలూ అంకెల్లోనే వెయ్యండి, పాఠకుడే భాగహారం చేసుకుంటాడు.

హోటల్ పేరు చూసుకోండి. మొదటి ముద్రణలో ‘ముల్‌బాక్’ అని ఉంది, లూయీవిల్‌లో అసలున్నది సీల్‌బాక్. కొన్ని కొత్త ముద్రణల్లో దిద్దారు. అలాగే వాళ్ల పాప వయసు. 1920 ఏప్రిల్‌లో పుట్టింది, 1922లో డెయిజీ మూడేళ్లంటుంది. అది రచయిత పొరపాటు, మనం మోసెయ్యడమే.

కాఫీగింజ

ఇంకొక్కటి. ఇన్ని చెప్పాక కూడా, టామ్‌ని పాఠకుడు కాసేపైనా నమ్మాలా? వాడి వైపు నుంచి చూడాలా?

మునగచెట్టు

ఫిట్జ్‌గెరాల్డ్ సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్ రాతప్రతి చదివి, టామ్ వీధిలో ఎదురైతే గుర్తుపడతాను, తప్పుకుపోతాను అన్న అర్థంలో 1924లో ఉత్తరం రాశాడు. గాట్స్‌బీ మసకగా ఉన్నాడని కూడా అన్నాడు. జవాబులో రచయిత, పుస్తకం టామ్‌కే వదిలెయ్యాలనిపించిందని, తను చేసిన పాత్రల్లో బహుశా అదే మేలైనదని, కానీ గాట్స్‌బీ మనసులో నాటుకుపోయాడని రాశాడు. విలన్‌ని అలా ఎవరూ తలచుకోరు.

కాబట్టి చివరి అధ్యాయంలో టామ్ ఏడిచానన్నప్పుడు, ఫ్లాట్ ఖాళీ చెయ్యడానికి వెళ్లి ఆ కుక్క బిస్కెట్ల డబ్బా చూసి చంటిపిల్లాడిలా ఏడిచానన్నప్పుడు, అబద్ధంలా వినిపించకూడదు. నిజంగానే ఏడిచి ఉంటాడు. మర్టిల్ కోసం పది డాలర్లు పెట్టి వీధిలో కొన్న కుక్క, ఇంకో పది కుక్కలు కొనుక్కోపో అని వాడే అమ్మినవాడి మొహాన కొట్టాడు డబ్బు. ఏడుపు నిజం, తను చేసింది న్యాయమన్న నమ్మకమూ నిజం. రెండూ ఒకే గొంతులో రావాలి. ఆ సంభాషణలో మాత్రం ‘నువ్వు’ అటూ ఇటూ మారకుండా పాత స్నేహితుల్లాగే సాగాలి. చెయ్యి కలపడానికి నిక్ ముందు ఒప్పుకోడు, చివరికి కలుపుతాడు, పసిపిల్లాడితో మాట్లాడుతున్నట్టు అనిపించిందట.

కాఫీగింజ

తర్వాత వాడు నగల దుకాణంలోకి వెళ్లిపోతాడు కదా. ముత్యాలు కొనడానికో, కఫ్ గుండీలు కొనడానికో. ‘కఫ్ గుండీలు’ బాగుందా, ‘చేతి గుండీలు’ బాగుందా?

పాతకాగితం

కఫ్ గుండీలు. కానీ దానికి ముందున్న ‘ముత్యాలు’ మీద దృష్టి పెట్టండి. పెళ్లినాటి బహుమతికి ‘ముత్యాల వరస’ అని పెడితే ఇక్కడ కూడా అచ్చంగా అదే మాట వెయ్యండి, ‘ముత్యాల హారం’ అని మార్చొద్దు.